ప్రదర్శనశాలయు బడిపిల్లలును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున ప్రదర్శనశాలను గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని ఈ రెండు సంస్థలకును గల చుట్టరికము చాల దగ్గరిది. ఒకప్పుడు ఐరోపాఖండమున గ్రంథములను ఇనుప గొలుసులతో బల్లలకు బంధించి యుంచెడివారు. చదువగోరువాడు గొలుసు పొడవున్నంత మేరకే పుస్తకమును జరుపుకొనవలసి యుండెను. ఈ దేశమున గొలుసులు లేకున్నను తాళము వేసిన బీరువా లుండెను. ఆ తాళపుచెవి యెవరివద్ద నున్నదో కనుగొనుటకే పాఠకునకు సగము దినము పట్టెడిది. రంగనాథన్‌గారు 1931లో వెలువరించిన పంచసూత్రములలో గ్రంథముయొక్క వినియోగమునకే ప్రథమస్థాన మిచ్చిరి. అప్పటికే ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమకారులు ఊరూర ఆ పనియే చేయుచుండిరి. గొలుసులు తెగినవి, బీరువాలు తెరచుకొన్నవి. ప్రదర్శనశాలలో మాత్రము అద్దపుపెట్టె యింకను చెక్కుచెదరక నిలిచియున్నది. అద్దమునకు ఆవలనున్న వస్తువును ఈవలనున్న బడిపిల్లవాని చేతి కందించుట యెట్లు, అందించినచో కలుగు లాభమేమి, నష్టమేమి అనునదే ఈ ప్రసంగమునకు విషయము.

బడిపిల్లల విహారయాత్ర సాధారణముగా నడచు తీరు అందరు నెరిగినదే. తెల్లవారకముందే పిల్లలు బస్సెక్కుదురు. మధ్యాహ్నమునకు ప్రదర్శనశాల చేరుదురు. వరుసగా నిలువుడని ఒక ఉపాధ్యాయుడు, మాటలాడకుడని మరియొకడు కేకలు వేయుచుండగా, ఏబదిమంది పిల్లలు ఒకరి వెనుక నొకరు అద్దములముందు సాగిపోవుదురు. గోడమీద ‘వస్తువులను తాకరాదు’ అను హెచ్చరిక వ్రేలాడుచుండును. బుద్ధిమంతులు కొందరు వస్తువుక్రింది చీటీలోని మాటలను నోటుపుస్తకములోనికి ఎక్కించుకొందురు. వారు వ్రాసికొన్నది చీటీయేగాని వస్తువు కాదు. అరగంటలో అంతయు ముగియును. మరునాడు బడిలో అడిగినచో వారు చెప్పునది దారిలో తిన్న పులిహోర పొట్లమును గూర్చియే. ఇందు పిల్లల తప్పేమియు లేదు. రెండువేల యేండ్ల చరిత్రను ముప్పది నిమిషములలో కన్నులతో మాత్రమే గ్రహింపుమనుట పెద్దలకైనను సాధ్యము కాని పని. నేటి పిల్లవానికి చేతిలోని ఫోనులో ఏ దేశపు శిల్పముయొక్క చిత్రమైనను కనబడుచున్నది. అద్దము వెనుక దూరముగా చూపుటయే ప్రదర్శనశాల పనియైనచో ఆ పని ఫోను ఇంకను చక్కగా చేయును.

దీనికి బదులు ఒక కుండపెంకును పిల్లవాని చేతిలో పెట్టి చూడవలెను. తెలంగాణమునను, ఆంధ్రదేశమునను అనేక గ్రామముల పొలిమేరలలో పెద్దపెద్ద బండలతో కట్టిన ప్రాచీన సమాధులు కలవు. వానిని జనులు రాకాసిగుళ్లనియు, పాండవుల గుళ్లనియు పిలుచుచుందురు. ఇనుపయుగమునకు చెందిన ఆ సమాధులలో లోపల నలుపును వెలుపల ఎరుపును గల కుండలు దొరకుచుండును. అద్దములో చూచిన పిల్లవానికి అది యొక విరిగిన పెంకు. చేత బట్టినవానికి మొట్టమొదట దాని పలుచదనము తెలియును. పిమ్మట నునుపు తెలియును. త్రిప్పి చూచినంతనే రెండువైపుల రెండు రంగులుండుట తెలియును. “లోపలి కొక రంగు, బయటి కొక రంగు పూసిరా?” అని అడుగును. విరిగిన అంచును చూడుమన్నచో అచ్చట పూత కనబడదు. మట్టియే రంగు మారియున్నది. అప్పుడు చెప్పవలసిన సమాధానమిది: కుండను బోర్లించి, దాని నోటిని ఊకలోనో బూడిదలోనో పూడ్చి కాల్చిరని పలువురు పండితుల అభిప్రాయము. గాలి సోకని భాగము నల్లబారెను. గాలి సోకిన భాగము ఎర్రబారెను. రసాయనశాస్త్రములో ఒక పాఠమంతయు ఆ పెంకులో నిమిడియున్నది. అయితే ప్రశ్న పిల్లవానినుండి పుట్టిన తరువాతనే సమాధానము రావలెను. ముందే చెప్పివేసినచో అదియు మరియొక చీటీయే యగును.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలోని బ్రూక్లిన్ నగరమున 1899లో పిల్లలకొరకే ఒక ప్రదర్శనశాలను స్థాపించిరి. లోకములో అట్టిది అదియే మొదటిది. 1902లో అందులో చేరిన అన్నా బిల్లింగ్స్ గాలప్ అను విదుషీమణి 1937వరకు దానికి సేవచేసి, వస్తువును పిల్లల చేతి కిచ్చుటను ఒక నియమముగా నిలబెట్టెను. సెయింట్ లూయీ నగరమువారు చేసినది మరింత ముచ్చటయైనది. అచ్చట 1904లో జరిగిన గొప్ప అంతర్జాతీయ ప్రదర్శనము ముగిసిన పిమ్మట మిగిలిన వస్తువులను పోగుచేసి, 1905లో పాఠశాలలకొరకు ఒక విద్యావస్తుశాలను ఏర్పరచిరి. ఉపాధ్యాయుడు తనకు కావలసిన వస్తువులను కోరుచు వ్రాసి పంపినచో, వానిని పెట్టెలలో సర్ది గుఱ్ఱపుబండిమీద బడికే పంపెడివారు. ప్రదర్శనశాలకు పిల్లలు పోలేనిచోట ప్రదర్శనశాలయే పిల్లలవద్దకు పోయినది. ఆంధ్రులకు ఈ కథ కొత్తగా తోపదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువమీద పడవలో గ్రంథాలయమును నడపిన సంగతి గ్రంథాలయాభిమానులందరికిని తెలిసినదే. అచ్చట గుఱ్ఱము లాగిన పనినే ఇచ్చట కాలువనీరు మోసినది.

విద్యావేత్తయగు జాన్ డ్యూయీ 1896లో చికాగో విశ్వవిద్యాలయమున ఒక ప్రయోగ పాఠశాలను స్థాపించెను. అందు జరిగిన ఒక పాఠము నాటినుండి నేటివరకు ఉపాధ్యాయ లోకమున చెప్పుకొనబడుచున్నది. పిల్లలకు బట్టల చరిత్ర చెప్పవలసివచ్చినప్పుడు పుస్తకము తెరువక, చెట్టునుండి కోసిన ప్రత్తికాయలను, గొఱ్ఱెనుండి కత్తిరించిన ఉన్నిని వారిముందు పోసిరి. ప్రత్తిపోగులనుండి గింజలను చేతితో విడదీయుటకు కూర్చున్న పిల్లలు అరగంట కష్టపడినను ఒక్క ఔన్సు దూదియైనను తీయలేకపోయిరి. తమ పూర్వులు నూలుబట్టకంటె ఉన్నిబట్టనే ఎందులకు ఎక్కువగా ధరించిరో వారికి అప్పుడు తెలిసివచ్చెను. గింజ తీయు యంత్రము వచ్చినంతనే ఆ దేశచరిత్ర యెట్లు మారెనో కూడ వారి వ్రేళ్లే వారికి చెప్పినవి.

ఈ పాఠమును తెలుగుదేశమునకు ఉన్నదున్నట్లుగా దిగుమతి చేసికొన్నచో మాత్రము పొరపాటగును. ఈ దేశమున నూలుబట్ట మొహెంజొదారో కాలమునుండియు కలదు. చికాగో పిల్లలకు అరగంటలో ఔన్సు దూది రాలేదు సరే, మరి ఇచ్చటివారు వేలయేండ్లుగా ఎట్లు తీసిరి? ఈ ప్రశ్నకు సమాధానము శ్రీకాకుళము జిల్లాలోని పొందూరులో దొరకును. అచ్చటి నేతపనివారి యిండ్లలో స్త్రీలు ప్రత్తిని వాలుగచేప దవడతో దువ్వుదురు. ఆ దవడకు వరుసగానున్న సన్నని పండ్లు దూదిలోని నలుసును తీసివేసి పోగులను చక్కదిద్దును. తరువాత చిన్న పలకమీద ప్రత్తినుంచి ఇనుపకడ్డీని దొరలించి గింజను వేరుచేయుదురు. పిమ్మట చిన్న వింటితో ఏకి, ఏకులు చేసి, రాట్నముమీద సన్ననూలు వడకుదురు. గాంధీమహాత్ముడు మెచ్చుకొన్న పొందూరు ఖద్దరు ఇట్లు పుట్టినదే. ఒక ప్రదర్శనశాలలో ఆ చేపదవడను అద్దములో పెట్టినచో పిల్లవాడు దానిని చేపయెముక యనుకొని దాటిపోవును. ఒక పిడికెడు ప్రత్తితోకూడ దానిని చేతి కిచ్చినచో, ఆ పిల్లవాడు అట్టి పనిముట్టు నెవరు, ఎట్లు కనుగొనిరో యని ఆశ్చర్యపడక మానడు. చికాగో పాఠము చికాగోకు తగినది. పొందూరు పాఠము పొందూరికే తగినది. స్థానిక చరిత్రకు ప్రత్యేకముగా ఒక ప్రదర్శనశాల యుండవలెననుటకు ఇంతకుమించిన హేతువు వెదకనక్కరలేదు.

గ్రామమునకు గ్రామమే వేరైన వస్తువులు మరికొన్ని కలవు. వానిలో కొలతపాత్రలకు సాటివచ్చునది లేదు. సోల, తవ్వ, మానిక, కుంచము అను మాటలను నేటి పిల్లలు కథలలో వినుచున్నారేగాని, ఆ పాత్రలను చూచినవారు తక్కువ. అటకమీద పడియున్న ఇత్తడి సోలను పాత సామానులవానికి తూకమునకు అమ్మివేసిన యిండ్లు ప్రతి గ్రామమునను కలవు. ఒక పూర్తి వరుసను సంపాదించి, ఒక బస్తా వడ్లను పోసి, పిల్లలను చుట్టు కూర్చుండబెట్టినచో ఒక పూటంతయు పాఠము నడచును. రెండు గిద్దలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచము. ఈ లెక్కను నల్లబల్లమీద వ్రాసి వల్లెవేయించినచో ఏ పిల్లవానికైనను విసుగు కలుగును. చేతులతో కొలిచినవాడు మాత్రము తానే కనుగొనును: కుంచమునకు 64 గిద్దలు, కుంచెడు గింజలను సగము, ఆ సగములో సగము, ఇట్లు ఆరుమారులు పంచినచో గిద్ద వచ్చును, ప్రతి సగమునకును ఒక పేరు కలదు. లెక్కలు రాని కూలివానికైనను ఒక రాశిని రెండు సమభాగములుగా పంచుట తెలియును. ఆ తెలివియే ఈ కొలతలకు పునాది. పాత రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, వెరసి 64 పైసలుండుట కూడ ఈ సందర్భముననే చెప్పదగును. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి నూరు నయాపైసలు వచ్చినప్పుడు పెద్దలెందులకు తికమకపడిరో అప్పుడు పిల్లలకు బోధపడును. ‘పదహారణాల తెలుగు’ అను మాటకు అర్థము వేరుగా చెప్పనక్కరలేదు.

పాఠము అంతటితో ముగియదు. కొలుచువాడు మొదటి కుంచమును ‘ఒకటి’ అనక ‘లాభము’ అనుటయు, ‘ఏడు’ అనుటకు మారుగా ‘ఆరున్నొకటి’ అనుటయు వృద్ధులెవరైనను కూర్చుండి చూపినచో పిల్లలు ఆనందముతో నేర్చుకొందురు. ఇట్టి పాఠమునకు ఉత్తమ గురువు ఆ గ్రామములోని ముదుసలి రైతే. తరువాత రెండు గ్రామముల కుంచములను తెచ్చి ఒకదానిలోని గింజలను మరొకదానిలో పోయుమనవలెను. పొరలిపోవచ్చును, లేదా వెలితి పడవచ్చును. అప్పుడు పిల్లలు నిజముగా చరిత్రలోనికి అడుగిడుదురు. ఎవరి కుంచము సరియైనది? పంట యింటికి వచ్చినప్పుడు కౌలుగింజలను ఎవరి కుంచముతో కొలిచిరి? అంచుకు సమముగా కొట్టి కొలిచిరా, రాశిగా పోసి కొలిచిరా? పుచ్చుకొనునప్పుడు పెద్దకుంచము, ఇచ్చునప్పుడు చిన్నకుంచము అని పల్లెలలో చెప్పుకొను మాట ఊరక పుట్టినది కాదు. పేదవాని కడుపు నిండుటయు నిండకపోవుటయు ఆ అంచుమీద ఆధారపడియుండెను. 1956లో తూనికలు కొలతల చట్టము చేసి, 1958 అక్టోబరునుండి దేశమంతట ఒకేవిధమైన దశాంశపద్ధతిని క్రమముగా ప్రవేశపెట్టుట పాఠ్యపుస్తకములో రెండు పంక్తుల సంగతి. రెండు కుంచములను చూచిన పిల్లవానికి అది న్యాయమునకు సంబంధించిన సంగతి.

తాటియాకు పుస్తకముల విషయములోకూడ ఇట్లే జరుగును. ప్రాచీన తాళపత్ర గ్రంథమును పిల్లల చేతి కీయనక్కరలేదు, ఈయరాదుకూడ. ఎండబెట్టి నునుపుచేసిన కొత్త ఆకులును, కొన్ని ఇనుప గంటములును చాలును. గంటముతో వ్రాయుట కలముతో వ్రాయుటవంటిది కాదు, ఆకును గీరుటయే. గీరినప్పుడు అక్షరము దాదాపు కనబడదు. దీపపుమసిని నూనెతోనో ఆకుపసరుతోనో కలిపి రుద్ది తుడిచినప్పుడు గీతలలో నలుపు నిలిచి, అక్షరములు ఒక్కమారుగా బయటపడును. ఆ క్షణమున పిల్లల ముఖములు చూడదగినవి. అడ్డముగా నిడుపైన గీత గీచినవానికి ఆకు చీలుట కనబడును. తెలుగక్షరములు గుండ్రనగుటకు ఇదియే కారణమని చెప్పుట పరిపాటి. శిలలమీద చెక్కిన అక్షరములుకూడ గుండ్రని మలుపు తిరిగియుండుటచేత ఈ ఒక్క కారణమే సర్వమని చెప్పుట సాహసము. కాని పిల్లవాడు తన ఆకు చీలుట చూచి తానే ఆ ఊహ చేసినచో దానిని మెచ్చుకొని, ఆపైని శాసనపు చిత్రమును చూపి మరల ఆలోచింపుమనుట మంచి పద్ధతి.

ఇందులో ఇంకొక ఆట కలదు. ఒక పిల్లవానికి నాలుగు పంక్తులిచ్చి వ్రాయుమనవలెను. రెండవవాడు మొదటివాని ఆకును చూచి, మూడవవాడు రెండవవాని ఆకును చూచి, ఇట్లు అయిదుగురు వ్రాయవలెను. అయిదవ ఆకును మొదటి మూలముతో పోల్చినచో ఒక మాట పోయియుండును, ఒక అక్షరము మారియుండును, ఒకానొకడు తనకు తెలియని మాటను తెలిసిన మాటగా దిద్దియుండును. కవిత్రయమువారి భారతము పదునెనిమిది పర్వములును ఈ విధముగానే తరతరములుగా చేతినుండి చేతికి వచ్చినవి. పాఠభేదములనగా నేమో, బ్రౌనుదొర పండితులను కూర్చి అనేక ప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులను ఎందులకు వ్రాయించెనో వేరుగా ఉపన్యసింపనక్కరలేదు. ఉపాధ్యాయుడు మౌనము వహించుట నేర్చుకొనవలసిన ఘట్టమిది. వస్తువు మాటలాడుచుండగా తాను మాటలాడుట చాలమంది మార్గదర్శకులకు గల దురలవాటు.

ఇచ్చట ప్రదర్శనశాలాధికారుల ఆక్షేపణను త్రోసివేయరాదు. వారి భయము న్యాయమైనదే. చేతి చెమటలోని ఉప్పు కంచును, రాగిని తినివేయును. ఒక పిల్లవాడు పట్టుకొన్నప్పుడు ఏమియు కానట్లే యుండును. వేయిమంది పట్టుకొన్న పిమ్మట నాణెముమీది బొమ్మ అరిగిపోవును. పెళుసైన ఆకు ఒక్కమారు వంగినను విరుగును. విరిగినది మరల రాదు. అందుచేత పిల్లల పేరు చెప్పి ప్రాచీన వస్తువులను పాడుచేయుట విద్యయు కాదు, చరిత్రయు కాదు. ఇందుకు అన్యదేశముల అనుభవము చూపిన మార్గము వస్తువులను రెండు వర్గములుగా విభజించుట. ఏకైకమైనవి, బలహీనమైనవి, చెక్కబడినవి, వ్రాయబడినవి అద్దములోనే యుండవలెను. ఎక్కువ సంఖ్యలో దొరకు పెంకులు, ఇటీవలి గృహోపకరణములు, చోటు తెలియక శాస్త్రమునకు పనికిరాని ముక్కలు, నేర్పుగా చేసిన నకళ్లు పిల్లల చేతికి రావలెను. శాతవాహనుల నాణెములలో పలువాటిని సీసముతో చేసిరి. సీసము విషపదార్థము. చేతికి అది హాని, దానికి చేయి హాని; వానికి మట్టినకళ్లే తగును. ఇక బల్లమీద మెత్తని గుడ్డ పరచుట, చేతులు కడిగి తుడుచుకొనుట, ఉంగరములు తీసివేయుట, కుండను అంచుపట్టి యెత్తక రెండు చేతులతో అడుగు పట్టి యెత్తుట అను నియమములను పిల్లలకు మొదటనే నేర్పవలెను. పెద్దలకంటె పిల్లలే ఈ నియమములను శ్రద్ధగా పాటింతురు. నమ్మి చేతికిచ్చిన వస్తువును జాగ్రత్తగా చూచుకొనుట వారి స్వభావము.

నిజము చెప్పవలెనన్నచో తెలుగుదేశమున ప్రాచీన వస్తువులకు పిల్లల చేతులవలన కలిగిన నష్టము అల్పము. పెద్దల అజ్ఞానమువలన కలిగినదే అపారము. అమరావతి స్తూపమునే తీసికొనవచ్చును. కర్నల్ మెకంజీ ఆ దిబ్బను మొదట 18వ శతాబ్దపు చివరి సంవత్సరములలో చూచెను. 1816లో చిత్రకారులతో తిరిగి వచ్చునప్పటికే చాల భాగము చెదరిపోయియుండెను. చలువరాళ్లను కట్టడములకు తరలించిరి. కొన్నింటిని సున్నమునకు కాల్చిరి. మిగిలినవానిలో పెక్కు శిల్పములు చెన్నపురికిని, లండనుకును చేరినవి. ఆ రాళ్లను కాల్చినవారు దుర్మార్గులు కారు. అవి యేమో వారికెవరును చెప్పలేదు. నేటికిని గ్రామ దేవాలయముల గోడలమీద, స్తంభములమీద శాసనములకు ఏటేట సున్నము కొట్టుట, రంగు పూయుట జరుగుచునే యున్నది. ఇది మాన్పుటకు బోర్డు పెట్టినంతమాత్రమున చాలదు.

దీనికొక పాఠము కలదు. శాసనపరిశోధకులు రాతిమీది అక్షరములను కాగితముమీదికి తీయు పద్ధతి చాల సులభమైనది. రాతిని శుభ్రము చేసి, తడిపిన కాగితమును దానిమీద పరచి, కుచ్చుబ్రష్షుతో మెల్లగా మోదుచుండగా కాగితము అక్షరముల గుంటలలోనికి దిగును. అది ఆరీయారనప్పుడు సిరా అద్దిన గుడ్డయుండతో పైపైని అద్దినచో మిట్టభాగము నల్లనై, పల్లములోని అక్షరములు తెల్లగా తేలును. కాగితమును తీసి గోడమీద అంటించిన పిల్లలు తమ చేతులతో శాసనమును తెచ్చితిమని పొంగిపోవుదురు. ఈ అభ్యాసమునకు నిజమైన శాసనమును వాడరాదు. ఊరి శిల్పి ఒకనిచేత ఒక నాపరాతిమీద నాలుగు పంక్తులు చెక్కించి ఆ రాతినే వాడవలెను. కడప మండలములోని ఎర్రగుడిపాడు, కలమళ్ల శాసనములు ఆరవ శతాబ్దపువి. తెలుగులో దొరకిన అతి ప్రాచీన శాసనములు అవియే. వానిలోని మాట లొకటి రెండు ఆ రాతిమీద చెక్కించినచో, పదునాలుగు వందల యేండ్లనాటి లిపియొక్క రూపము పిల్లవానికి పరిచయమగును. ఈ పని చేసి వచ్చిన పిల్లవాడు తన ఊరి గుడిలో స్తంభముమీద సున్నపు పొరక్రింద గుంటలు చూచినచో ఊరకుండడు. పూజారిని అడుగును, తండ్రిని అడుగును, మరుసటి యేట సున్నపుబాల్చీతో వచ్చినవానికి అడ్డుపడును.

మెకంజీ కొలువులోనుండిన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు మున్నగు తెలుగువారు ఊరూర తిరిగి కరణములవద్ద కైఫీయత్తులను సేకరించిన సంగతియు ఇచ్చట స్మరింపదగినది. ఊరు ఎవరు కట్టించిరి, చెరువు నెవరు త్రవ్వించిరి, గుడికి మాన్యమెంత, కరవు ఎప్పుడు వచ్చెను అను వివరములు వానిలో నుండును. వానిలో కొన్ని అచ్చయినవి. తమ ఊరి కైఫీయత్తు దొరకినచో ఉన్నత పాఠశాల విద్యార్థులు దానిని చేతబట్టుకొని ఊరు తిరిగి, చెప్పబడిన చెరువు ఉన్నదా, పూడినదా, తూము ఎక్కడ, గుడి ఎక్కడ అని పోల్చి పటము గీయవచ్చును. ఇట్టి పనికి ప్రదర్శనశాల భవనముకూడ అక్కరలేదు.

భవనమును, ఊరును, సమస్తమును కోల్పోయిన చోటు ఒకటి తెలుగునాట కలదు. 1926లో ఏ. ఆర్. సరస్వతిగారి కన్నులబడిన నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల విజయపురి బయటపడెను. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. నీరు వచ్చులోపల త్రవ్వకములు ముగింపవలెనని 1954నుండి 1960వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున రేయింబవళ్లు పని సాగెను. కట్టడములను కొన్నింటిని రాయి రాయి విడదీసి కొండమీదను, అనుపువద్దను తిరిగి నిలబెట్టిరి. స్వీడనులో ఆర్థర్ హజీలియస్ 1891లో నలుమూలలనుండి పాత యిండ్లను తెచ్చి స్కాన్సెన్‌లో నిలిపిన పనిని ఇది తలపించును. అచ్చట చేతిపనివారు నేటికిని సందర్శకులముందు పని చేయుచుందురు. నాగార్జునకొండ ద్వీపముమీది ప్రదర్శనశాల 1966లో వెలసెను. అచ్చటికి పోవు పిల్లలు అద్దములముందే ఆగక, అనుపులో తిరిగి నిలిపిన రంగశాలయొక్క మెట్లమీద కూర్చుండి, మెట్లను లెక్కపెట్టి, జానలతోను మూరలతోను కొలిచి, ఎందరు కూర్చుండ గలిగియుందురో లెక్కకట్టవలెను. ఒకడు నడుమ నిలిచి మాటలాడగా పైమెట్టువానికి వినబడునో లేదో చూడవలెను. వారి పాదములక్రిందనున్న రాయి నీటి పాలగుటకు ముందు ఒక్కొక్కటిగా గుర్తువేయబడి పైకెక్కినదని అప్పుడు చెప్పవలెను.

ఈ పద్ధతికి గల నిజమైన ఆటంకము డబ్బు కాదు, వస్తువుల కొరతయు కాదు. పరీక్షలో దీనికి మార్కులు లేవు. ఒక పూటంతయు వడ్లు కొలిచిన తరగతికి ఆ దినము రెండు పాఠములు వెనుకబడును. ఉపాధ్యాయునిపై తనిఖీ అధికారికి కోపము రావచ్చును. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు చేతిపని ద్వారా విద్యను ప్రతిపాదించినప్పుడుకూడ ఈ అడ్డంకియే ఎదురయ్యెను. కావున ప్రదర్శనశాలవారు ఉపాధ్యాయుని పాఠ్యప్రణాళికను తామే చదివి, ఏ తరగతిలో ఏ మాసమున ఏ పాఠము వచ్చునో గుర్తించి, దానికి తగిన వస్తువులను సిద్ధపరచవలెను. కుంచము గణితమునకు చెందవచ్చును, ఏతము, కపిల భౌతికశాస్త్రమునకు, ప్రత్తి సాంఘికశాస్త్రమునకు, తాటియాకు తెలుగునకు. పిల్లలు ఎనమండుగురు చొప్పున ఒక బల్లచుట్టు చేరవలెను. అంతకు మించినచో వెనుకనున్నవాడు మరల చూచువాడే యగును.

గ్రామమునకు ప్రదర్శనశాల యెక్కడిది యని ప్రశ్న రావచ్చును. గ్రంథాలయమున్న ఊరికి సగము ప్రదర్శనశాల యున్నట్లే. వేటపాలెములోని సారస్వత నికేతనము 1918లో పుట్టిన గ్రంథాలయము. 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. పాత పత్రికలతోపాటు ఆ మహాత్ముని చేతికఱ్ఱయు అచ్చట భద్రముగా నున్నది. పుస్తకమును, వస్తువును ఒకే కప్పుక్రింద నుంచుట తెలుగువారికి కొత్తకాదు.

ఇందుకు కావలసినది తాళము గల ఒక కఱ్ఱపెట్టె, ఒక రిజిస్టరు. పెట్టెలో ఒక సోల, ఒక తవ్వ, ఒక మానిక, ఒక అడ్డ, 120 తులముల వీశెగుండు, దాని ప్రక్కన నేటి కిలోరాయి, చెల్లుబాటు పోయిన బేడ, పావలా, దమ్మిడీ, ఒక గంటము, పది కొత్త తాటియాకులు, ఒక ప్రత్తికాయ, రెండు రంగుల పెంకు ఒకటి. రిజిస్టరులో ప్రతి వస్తువుకు సంఖ్య, ఎవరి యింటినుండి వచ్చినది, ఎవరు వాడిరి, దానిని స్థానికముగా ఏమని పిలుతురు అను నాలుగు గడులు. వస్తువు ఇచ్చినవారి ముదుసలి యొకరు ఆ మాటలను చెప్పుచుండగా పిల్లలే వ్రాసికొనవలెను. వచ్చే సంక్రాంతి సెలవులకు బడిపిల్లలు ఇంటింటికి తిరిగి అటకలు వెదకినచో పెట్టె నిండును. కుంచము మాత్రము పెట్టెలో పట్టదు. దానిని గ్రంథాలయపు కిటికీ ప్రక్కన బల్లక్రింద ఉంచవలసియుండును.